దేశవాళీ చెట్లకు తుది హెచ్చరిక

అంతరిక్షం నుంచి ఇంత శ్రద్ధగా చూస్తుంటే, మీరు ఇంకా అంతరించిపోతామంటే ఎలా? 1972లో నేలను ఫొటోలు తీసే మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాన్ని పైకి పంపాం. 2008లో ఆ చిత్రాలన్నీ అందరికీ ఉచితం చేశాం. 2015లో సెంటినెల్-2 అనే ఇంకో ఉపగ్రహం వచ్చింది. 2018 చివర్లో మీ ఎత్తు కొలవడానికి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి లేజర్ పరికరాన్ని కూడా చేర్చాం. ఇంత చేసినా, 2021లో వచ్చిన ప్రపంచ వృక్షాల నివేదిక చూస్తే దాదాపు 60,000 జాతుల్లో 30 శాతం ముప్పులో ఉన్నాయట. కృతజ్ఞత అనేది ఉండొద్దూ?

తప్పంతా మీదే. ల్యాండ్‌శాట్ పిక్సెల్ అంటే 30 మీటర్ల చదరం. 900 చదరపు మీటర్ల నేల మాకు ఒక్క చుక్క. ఆ చుక్కలో పది జాతులు ఇరుక్కుని, ఒకటి చిగురుస్తుంటే ఇంకొకటి ఆకు రాలుస్తూ, ఒకదాని కొమ్మ ఇంకోదాని సందులో దూరుస్తూ ఉంటే మేం ఎవర్నని గుర్తుపట్టాలి? యూకలిప్టస్ తోటను చూసి బుద్ధి తెచ్చుకోండి. అంతా ఒకే ఈడు, ఒకే ఎత్తు, వరుస తప్పదు. నివేదిక ముఖచిత్రానికి ఎంత నిండుగా ఉంటుందో!

నిబంధనలు కఠినమనీ అనలేరు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలో అర హెక్టారుకు మించిన నేల, ఐదు మీటర్ల ఎత్తు దాటే చెట్లు, పది శాతానికి మించి కొమ్మల కప్పు ఉంటే అది అడవి. రబ్బరు తోటా అడవే. నరికేసిన నేల కూడా, అయిదేళ్లలో మళ్లీ పెంచుతామంటే, అడవే. చెట్టు లేని అడవిని సైతం ఒప్పుకునే ఇంత పెద్ద మనసు ముందు, ఏ చెట్టు పోయి ఏ చెట్టు వచ్చిందని అడగడం మర్యాదేనా? పచ్చనివన్నీ అడవులే.

జాతుల వారీగా పటాలు గీసేవాళ్లూ ఉన్నారు లెండి. హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలు దాచే చోట, ఉన్న పాత చీటీలు, నడిచి వెళ్లినవాళ్లు నమోదు చేసిన చోట్లు కంప్యూటర్‌కిచ్చి, ఈ జాతి ఇంకెక్కడ బతకగలదో అంచనా వేయిస్తారు. నడిచేవాళ్లు ఎక్కువగా రోడ్డు దగ్గరే నడుస్తారు గనక, అరుదైన చెట్లకు రోడ్డు పక్కనుండటం మహా ఇష్టమని కంప్యూటర్ గ్రహిస్తుంది. ఇంకాస్త లోపలికి నడవడానికి మనుషుల్ని పెట్టొచ్చు. కానీ ఆకు పట్టుకు చూసి చెట్టు పేరు చెప్పేవాడి జీతాన్ని ఏ తెర మీద రంగులేసి చూపిస్తాం?

అందరికంటే పొగరు వొలెమి పైన్ అనే అరుదైన చెట్టుది. ఆస్ట్రేలియాలో 1994లో బయటపడింది. అడవిలో మిగిలిన పెద్ద చెట్లు వందకు లోపే. దాని చోటు రహస్యంగా ఉంచారు. అయినా దొంగచాటుగా వెళ్లినవాళ్ల బూట్లకు అంటుకుని వేరుకుళ్లు తెగులు చేరిందని అనుమానం. 2020 నాటి కార్చిచ్చులో మాత్రం హెలికాప్టర్లలోంచి తాళ్ల మీద దిగి, నీళ్లు పెట్టి కాపాడారు. ఏ చెట్టు, ఎక్కడ, ఎవరు వెళ్లాలి అన్నది పక్కాగా తెలిసినవాళ్లు కొద్దిమందే. ఎవరూ షేర్ చేసుకోని పటంతో చెట్లను బతికించేస్తే, మా ఉపగ్రహ పటాల ప్రారంభోత్సవాల గతేంటి?

కనుక దేశవాళీ జాతులన్నీ వెంటనే పిక్సెల్‌కు ఒకటి చొప్పున సర్దుకోవలెను. గడువులోగా కనబడని చెట్లను 'ఇతర పచ్చదనం' పద్దు కింద జమ కట్టేస్తాం. అభ్యంతరాలుంటే అక్షాంశ రేఖాంశాలతో సహా ఆన్‌లైన్‌లో దాఖలు చేసుకోవచ్చు.