కొండ ఆకారం కాదు, కొండ చేసే పని చూడండి

కొండల నడుమ కట్టే భవనానికి శిఖరాల్లా వంపులు తిప్పిన ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్లు తొడిగి ‘ప్రకృతి స్ఫూర్తి’ అనేస్తున్నారు. ఆ షీట్ల పక్కనంతా గాజే. సాయంత్రపు ఎండ నేరుగా లోపలికి దిగుతుంటే వంపు దేన్ని ఆపుతోంది?

చుట్టూ ఉన్న నేల, చెట్టు, రాయి ఎండనూ గాలినీ ఎలా తట్టుకుంటాయో అది తీసుకోండి. స్తంభంలా ఎదిగే కాక్టస్ ఒంటి మీది నిలువు గట్లు ఒకదాని మీద ఒకటి నీడ వేస్తాయి. తూర్పు, పడమర గోడలకు కావలసింది అదే, నిలువు ఫిన్లు, అంటే గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చే నిలువు పలకలు. అక్కడ సూర్యుడు కిందుగా ఉంటాడు, చజ్జా (కిటికీ పైన అడ్డంగా ముందుకు వచ్చే పలక) ఎంత ముందుకు లాగినా దాని కింద నుంచి ఎండ దూరుతుంది. ఫిన్లను గోడకు లంబంగా బిగిస్తే ఎదురుగా వచ్చే ఎండ మధ్యలోంచి వచ్చేస్తుంది, కాబట్టి ఓ పక్కకు ఒరగబెట్టాలి. ఉత్తరార్ధగోళంలో దక్షిణపు గోడకు చజ్జా చాలు. కిటికీ ఎత్తును నీడ కోణపు (గోడకు ఎదురుగా చూస్తే ఎండ నేలతో చేసే కోణం) టాంజెంట్‌తో భాగిస్తే దాని పొడుగు వస్తుంది: 1.5 మీటర్ల కిటికీకి, 60 డిగ్రీల దగ్గర, సుమారు 87 సెంటీమీటర్లు. నాలుగు వైపులా ఒకే ఎలివేషన్ (గోడ ముఖం బొమ్మ) గీశారంటే ఈ లెక్క ఎవరూ వేయలేదన్నమాటే. 2012లో పూర్తయిన అబుదాబి అల్ బహర్ టవర్లకు ఎండను ఆపే తెర ఉంది, కానీ ఉత్తరం వైపు అసలు లేదు.

జాలీ, అంటే రంధ్రాల తెర, పేరుతో జరిగేది ఇంకా అన్యాయం. జాలీలో పనిచేసేది లోతు. రంధ్రం ఎత్తెంతో మందం అంత ఉంటే 45 డిగ్రీలకు పైనుంచి వచ్చే ఎండ ఆగిపోతుంది. 3 మిల్లీమీటర్ల రేకులో 100 మిల్లీమీటర్ల రంధ్రాలు కోస్తే ఆపేది మిగిలిన రేకు మాత్రమే. జైపూర్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ పెర్ల్ అకాడమీలో జాలీని గోడకు 4 అడుగుల దూరంలో నిలబెట్టారు, తెర వేడి గోడకు అంటదు. తెరను గోడకు పట్టే బ్రాకెట్లు అల్యూమినియంవైతే అవే వేడిని లోపలికి మోస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు అందులో పదో వంతు మోస్తుంది, అయినా బ్రాకెట్ కింద వేడిని ఆపే ఇన్సులేషన్ ప్యాడ్ తప్పనిసరి. తెర వెనక గాలి సందు వదిలి, పైన ఫ్లాషింగ్‌తో (నీళ్లు దిగకుండా వేసే రేకు పట్టీ) మూసేస్తే వేడి గాలి ఎటూ పోదు.

మందపాటి రాతి గోడ పగలూ రాత్రీ ఉష్ణోగ్రత బాగా మారే చోటే మేలు. రాత్రీ ఉక్కపోసే తీరంలో అది దాచుకున్న వేడిని పడుకునే వేళకు వదులుతుంది.

కదిలే తెరలంటే మోజు ఉన్నవాళ్లు పారిస్ అరబ్ వరల్డ్ ఇన్‌స్టిట్యూట్‌ను చూడాలి. 1987 నాటి 240 ప్యానెళ్ల యంత్రాలు మళ్లీ మళ్లీ మొరాయించాయి. స్థిరమైన తెరకైనా గాజుకూ దానికీ మధ్య మనిషి నడిచేందుకు కనీసం 60 సెంటీమీటర్లు డ్రాయింగులోనే వదలండి, లేకపోతే ఆ గాజును తుడిచేవాళ్లుండరు.