రోడ్డు సెస్ గారికి, ఐదు రూపాయలు ఎగ్గొట్టినవాడు రాయునది

మహారాజశ్రీ రోడ్డు అభివృద్ధి సెస్ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలండి. 2020 సెప్టెంబరులో పెట్రోలు లీటరుకు రూపాయి అదనపు పన్నుగా మన ఆంధ్రప్రదేశ్‌లో కాలుపెట్టారు తమరు. అప్పట్నుంచీ తమకు కట్టని పాపాన పోలేదు. నిన్న ఒక్కరోజే బుద్ధి గడ్డి తింది. అత్తగారింటికని యానాం వెళ్ళి, వస్తూ వస్తూ అక్కడే ఐదు లీటర్లు కొట్టించాను.

ఫ్రెంచివాళ్ళు 1954లోనే వెళ్ళిపోయారు గానీ, బంకు దగ్గర మాత్రం యానాం ఇప్పటికీ పరాయి దేశమేనండి. అది పుదుచ్చేరి కిందిది, అక్కడ పన్ను తక్కువ. లీటరుకు పది రూపాయల పైనే తేడా. మన దగ్గర వ్యాట్ 31 శాతం, దాని మీద ఇంకో నాలుగు రూపాయలు, ఆపైన తమరు. యాభై మిగిలిందిగా అని పావుకిలో కాజాలు కూడా కొన్నాను.

అక్కడే తమకు మండినట్టుంది.

హైవే దిగి మా ఊరి రోడ్డెక్కి రెండు నిమిషాలు కాలేదు. చెరువుగట్టు మలుపులో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎదురుగా లారీ. పక్కకి తీస్తే ముందు చక్రం సగందాకా దిగిపోయి టంగుమంది. కాజాలు నీళ్ళలో, నేను కాజాల పక్కన. ఆ గుంత నాకు కొత్తేమీ కాదు. దాని అంచున కిందటేడు ఎవరో పుణ్యాత్ముడు అరటి మొక్క నాటాడు. నిన్న పడ్డప్పుడు దాన్నే పట్టుకుని లేచాను. గెల వేసిందండి!

రిమ్ము సొట్ట తీసినందుకు 450, ట్యూబు 350. ఐదు రూపాయల బాకీకి ఎనిమిది వందలు. వారం వడ్డీవాళ్ళు కూడా ఇంత గట్టిగా వసూలు చేయరు.

ఢిల్లీలో ఉన్న తమ అన్నగారు, అదే కేంద్రం వేసే సెస్ గారూ తక్కువవారేం కాదు. ఆయన పేరులోనూ రోడ్డే. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో క్రూడాయిల్ పీపా ధర సున్నా కిందికి పడింది. ఇక మనకీ తగ్గుతుందని ఆశపడ్డాం. మే నెలలో, లాక్‌డౌన్‌లో రోడ్ల మీద కుక్కలు తప్ప మనిషి లేనప్పుడు, లీటరుకు పది రూపాయలున్న రోడ్డు సెస్‌ని రాత్రికి రాత్రి పద్దెనిమిది చేశారు. ఏ రోడ్డు కోసం, ఎవరు తిరుగుతున్నారని? పైగా సెస్ కాబట్టి రాష్ట్రాలకి అందులో వాటా ఇవ్వక్కర్లేదట.

ఎన్నికల సంగతి సరేసరి. 2021 నవంబరు నుంచి 2022 మార్చి దాకా మౌనవ్రతం పట్టిన రేటు, ఐదు రాష్ట్రాల ఓట్ల లెక్కింపు అయ్యాక రోజుకు 80 పైసలు చొప్పున నోరు తెరిచింది. జీఎస్టీలోకి రండి అంటే మాత్రం అన్నదమ్ములిద్దరూ తలుపు గడియ పెడతారు.

"పెట్రోల్ మీద పన్ను ఇంకా వేయాలి బావా, లేకపోతే టీపొడికి కూడా బండి తీస్తారు" అన్నాడు మా బావమరిది నిన్ననే. వాడిది తప్పని అననండి. వీధి చివరి కొట్టుకి నేను వెళ్ళేది బండి మీదే. క్రూడు పడినప్పుడు పన్ను పెంచి, ఆ డబ్బు బస్సులకి పెడితే నేను కిక్కురుమనను. మా ఊరికి బస్సు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి టికెట్ లేదు, సంతోషం. టికెట్ లేని ఆ బస్సేదండీ?

ఇంకో రెండు రూపాయలు పెంచు. ఇస్తాను. కానీ రోడ్డు పేరు చెప్పి తీసుకున్న రూపాయి ఏ రోడ్డు మీద పడిందో ఒక్కసారి వచ్చి చూపించు. మా మలుపుకి నాలుగు తట్టల కంకర చాలు. నాలుగంటే నాలుగు! అదీ చేతకాకపోతే పేరన్నా మార్చుకో, అరటి తోటల అభివృద్ధి సెస్ అని.

ఐదు రూపాయల బిళ్ళ జతచేశాను. లెక్క చూసుకోండి.

ఇట్లు,
తమ బాకీదారు

తా.క.: గెల పండాక ఒక అత్తం పంపుతాను. తమ చలవే కదా.