ఆర్వీ కప్పు మీద పైకి లేచే సోలార్ ప్యానెల్: కోణం కంటే ముందు గాలి సంగతి చూడాలి

ఆర్వీ (లోపలే ఉండేలా ఇల్లులా అమర్చిన ప్రయాణపు బండి) కప్పు మీద సోలార్ ప్యానెల్‌ని పడుకోబెట్టి బిగించుకున్న వాళ్లకి మొదటి చలికాలంలోనే అనుమానం మొదలవుతుంది. ఎండ బాగానే కాస్తోంది, ప్యానెల్ మీద దుమ్ము కూడా లేదు, అయినా సాయంత్రానికి బ్యాటరీ నిండటం లేదు. సూర్యుడు ఆకాశంలో బాగా కిందికి దిగి నడుస్తుండటమే దీనికి కారణం. ప్యానెల్‌ని ఒక పక్క పైకి లేపి నిలబెట్టే స్టాండ్ చేసుకుంటే పోలేదా అనిపిస్తుంది. ఆ తర్వాత చర్చంతా డిగ్రీల చుట్టూనే తిరుగుతుంది: ఏ నెలలో ఎంత వాలు పెట్టాలి, రోజుకి ఎన్నిసార్లు మార్చాలి, మోటారు పెట్టి సూర్యుడి వెంట తిప్పితే ఎలా ఉంటుంది అని.

నా దృష్టిలో ఈ చర్చ తప్పు చోట మొదలవుతోంది. కోణం లెక్క కాస్త అటూ ఇటూ అయితే కొంచెం కరెంటు తగ్గుతుంది, అంతే. గాలి లెక్క తప్పితే ప్యానెల్ ఊడుతుంది, కప్పు చిరుగుతుంది, రోడ్డు మీద వెనక వచ్చే వాళ్ల ప్రాణం మీదకి వస్తుంది.

ముందు లాభం ఎంతో చూద్దాం. ఉత్తరాన 40 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబర్ మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 26.5 డిగ్రీల ఎత్తుకి మించి ఎక్కడు. అప్పుడు పడుకోబెట్టిన ప్యానెల్‌కి నేరుగా వచ్చే ఎండలో దాదాపు 45 శాతమే అందుతుంది. అదే ప్యానెల్‌ని దక్షిణం వైపు 30 డిగ్రీలు వాలిస్తే 83 శాతం, 45 డిగ్రీలు వాలిస్తే 95 శాతం అందుతుంది. 60 దాటితే ఇంచుమించు మొత్తం అందినట్టే.

ఇప్పుడు ఎత్తు సంగతి. 67 సెంటీమీటర్ల వెడల్పున్న ప్యానెల్ పై అంచు 30 డిగ్రీల దగ్గర 33 సెంటీమీటర్లు లేస్తుంది. 45 దగ్గర 47, 60 దగ్గర 58. అంటే మొదటి 30 డిగ్రీలతోనే ఎండ రెట్టింపుకి దగ్గరగా వచ్చేసింది. ఆఖరి 5 శాతం కోసం మాత్రం ఇంకో 11 సెంటీమీటర్ల ఎత్తుని గాలికి ఎదురు నిలబెడుతున్నాం. ఈ బేరం నాకు గిట్టుబాటుగా కనిపించదు. 30కి ఒకటి, 45కి ఒకటి, రెండే స్థానాలు పెట్టుకుంటే చాలు. డిగ్రీ డిగ్రీకీ సర్దుకునే ఏర్పాటు వల్ల వదులయ్యే కీళ్లు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

అసలు అందరికీ ఇది అవసరం కూడా కాదు. అదే చోట జూన్‌లో సూర్యుడు 73 డిగ్రీల పైకి ఎక్కుతాడు, పడుకున్న ప్యానెల్‌కే 96 శాతం దాకా అందుతుంది. 20 డిగ్రీల అక్షాంశం దగ్గరైతే డిసెంబర్ మధ్యాహ్నం కూడా 73 శాతం వస్తుంది. మబ్బు పట్టిన రోజు వెలుగు ఆకాశం అంతటి నుంచీ వస్తుంది కాబట్టి ప్యానెల్ పడుకుని ఉండటమే మేలు. రోజుకో ఊరు మారేవాళ్లు, ఎండాకాలంలోనే తిరిగేవాళ్లు కప్పు మీద చోటుంటే ఇంకో ప్యానెల్ పడుకోబెట్టుకోవడం మంచిది. చలికాలమంతా ఎత్తు అక్షాంశాల్లో ఒకే చోట రోజుల తరబడి ఆగే వాళ్లకీ, కప్పు మీద ఇక చోటు లేని వాళ్లకీ ఈ స్టాండ్ నిజంగా పనికొస్తుంది.

ఇక గాలి. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు. గంటకి 60 కిలోమీటర్ల ఈదురుగాలి ఒక చదరపు మీటరు ప్యానెల్ మీద సుమారు 20 కిలోల బరువంత తోస్తుంది. 120 కిలోమీటర్ల దగ్గర అది 80 కిలోలు. ముందు నుంచి కొట్టే గాలి ప్యానెల్‌ని కప్పుకేసి నొక్కుతుంది, దాన్ని తట్టుకోవడం పెద్ద కష్టం కాదు. వెనక నుంచి కిందకి దూరే గాలితోనే ప్రమాదం. అది ప్యానెల్‌ని పైకి పీకుతుంది.

పైకి పీకే బలాన్ని ఆర్వీ కప్పు తేలిగ్గా తట్టుకోలేదు. చాలా బండ్లలో పైన పలచటి రబ్బరు పొరో ఫైబర్‌గ్లాస్ షీటో ఉంటుంది, దాని కింద పలచటి ప్లైవుడ్, అక్కడక్కడా అడ్డంగా చెక్క లేదా అల్యూమినియం దూలాలు. పలచటి ప్లైవుడ్‌లో దిగిన స్క్రూ పక్కకి లాగితే బాగానే పట్టుకుంటుంది, నిట్టనిలువుగా పీకితే పళ్లతో సహా ఊడి వస్తుంది. పడుకున్న ప్యానెల్ కింద నాలుగు కాళ్లూ బరువు పంచుకుంటాయి. లేపిన ప్యానెల్ కింద గాలి ఎటు తిరిగితే అటు కాలు ఒంటరిగా భారం మోస్తుంది. కొందరు స్క్రూలు లేకుండా జిగురుతోనే అంటిస్తారు. ఫైబర్‌గ్లాస్ మీద మంచి జిగురు గట్టిగానే పట్టుకుంటుంది. రబ్బరు పొర మీద మాత్రం జిగురు ఎంత గొప్పదైనా లాభం లేదు, ఆ పొర కింది చెక్కకి ఎంత గట్టిగా అంటుకుని ఉందో మన బలమూ అంతే.

అందుకే మడతబందుల్ని నేరుగా కప్పుకి బిగించడం నాకు ఇష్టం ఉండదు. ముందు దూలాలు ఎక్కడున్నాయో వెతికి, రెండు మూడు దూలాల మీదుగా పోయేలా రెండు అల్యూమినియం రైళ్లు (పొడవాటి పట్టీలు) వేసి, స్క్రూలు దూలాల్లోకే దించాలి. నీళ్లు దిగకుండా రైలు కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు టేపు), స్క్రూ తలల మీద ఆ కప్పు రకానికి సరిపడే సీలెంట్. మడతబందులు, ఊతకడ్డీలు, పిన్నులు, కదిలేవన్నీ ఆ రైళ్ల మీదే ఉండాలి. రేపు ఏదైనా అరిగిపోతే రైలు మీద విప్పి మార్చుకోవచ్చు, సీలెంట్ జోలికి వెళ్లక్కర్లేదు. ఒక్కసారి నీళ్లు దిగిన ప్లైవుడ్ లోపల ఎంత మేర కుళ్లిందో పైనుంచి కనిపించదు. కరెంటు కోసం మొదలుపెట్టిన పని కప్పు మార్చే పని కాకూడదు.

ఊతకడ్డీ కొలత తేలికే. మడతబందు నుంచి 50 సెంటీమీటర్ల దూరంలో ప్యానెల్ ఫ్రేమ్‌కి ఒక చివర, రైలు మీద కూడా అదే 50 దగ్గర రెండో చివర అనుకోండి. 30 డిగ్రీలకి 26 సెంటీమీటర్ల కడ్డీ కావాలి, 45కి 38. కడ్డీకి ఆ రెండు చోట్లా రంధ్రాలు వేస్తే రెండు స్థానాలూ దొరుకుతాయి. 60 కిలోమీటర్ల గాలిలో ఇలాంటి రెండు కడ్డీల్లో ఒక్కోదాని మీద పడేది ఏడెనిమిది కిలోలే, కాబట్టి మామూలు అల్యూమినియం యాంగిల్ చాలు. జాగ్రత్త పడాల్సింది రంధ్రాల దగ్గర. పిన్ వదులుగా ఉంటే గాలికి టకటకలాడుతుంది, ఆ టకటకకి గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. ఫ్రేమ్‌కి కొత్త రంధ్రాలు వేయకుండా కంపెనీ ఇచ్చినవే వాడాలి, అద్దం అంచుకి డ్రిల్లు తగిలితే ప్యానెల్ పోయినట్టే. స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నట్టు ఒక్కోసారి సగంలోనే బిగుసుకుపోయి ఇటూ రాదు అటూ పోదు, అందుకని మర మీద యాంటీ సీజ్ గ్రీజు కొంచెం రాయాలి. కడ్డీల మధ్య ఏటవాలుగా ఒక పట్టీ వేస్తే ప్యానెల్ పక్కలకి ఊగదు.

ఎక్కువ మంది పట్టించుకోని విషయం ఒకటుంది. స్టాండ్ ఎదుర్కొనే పెద్ద గాలి ప్యానెల్ లేచి ఉన్నప్పటిది కాదు, పడుకుని ఉన్నప్పటిది. బండి ఆగి ఉన్నప్పుడు 100 కిలోమీటర్ల గాలి ఎప్పుడో గానీ రాదు. హైవే ఎక్కిన ప్రతిసారీ గంటల తరబడి అదే గాలి ఎదురొస్తుంది, దానికి తోడు గతుకుల కుదుపు. కాబట్టి ఊతకడ్డీ మీద పెట్టిన శ్రద్ధకి రెట్టింపు శ్రద్ధ ప్యానెల్‌ని కిందకి పట్టి ఉంచే లాక్ మీద పెట్టాలి. లేచే అంచు రెండు మూలల్లోనూ విడివిడి లాకులు ఉండాలి. ఒకటి విఫలమైనా రెండోది పట్టుకోవాలి. లోహానికి లోహం తగలకుండా మధ్యలో రబ్బరో నైలానో ఉండాలి. పడుకున్నా ప్యానెల్ కింద కొన్ని సెంటీమీటర్ల సందు తప్పనిసరి. వేడెక్కిన ప్యానెల్ 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం దాకా కరెంటు కోల్పోతుంది.

మోటారు సంగతి. 12 వోల్టుల లీనియర్ యాక్చువేటర్లు (కడ్డీని ముందుకీ వెనక్కీ జరిపే మోటార్లు) బాగానే పనిచేస్తాయి, నిచ్చెన ఎక్కే పని తప్పుతుంది. మంచు పడి తడిసిన రబ్బరు కప్పు మీద కాలు జారడం చిన్న ప్రమాదం కాదు, వయసు పైబడిన వాళ్లకి మోటారు వద్దని నేను అనను. కానీ అది సగంలో ఆగిపోతే చేత్తో దించే దారి కూడా ఉండాలి. ఆ దారి లేని డిజైన్‌ని ఒప్పుకోకూడదు. చేత్తో లేపేదైతే కప్పు ఎక్కకుండా పక్కన వేసిన నిచ్చెన మీదే నిలబడి పని అయిపోవాలి. అంటే లేచే అంచూ పిన్నులూ బండి అంచు దగ్గరుండాలి. రెండు వైపులా పిన్ను తీసి మడిచే వీలు పెట్టుకుంటే బండి ఏ ముఖంగా నిలిపినా ఎండ వైపు వాల్చుకోవచ్చని అంటారు. ఆలోచన మంచిదే, కానీ దూరపు అంచు పిన్నుల కోసం కప్పు ఎక్కక తప్పదు. బండినే తూర్పు పడమరలుగా నిలిపే వీలున్న వాళ్లకి అది అనవసరం.

నీడ ఇంకో చిక్కు. 45 డిగ్రీలు లేచిన ఆ ప్యానెల్ పై అంచు నీడ, సూర్యుడు 26.5 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు, 95 సెంటీమీటర్ల దూరం పడుతుంది. వెనక వరస ఆ లోపుంటే లేపిన లాభం నీడలోనే పోతుంది. అందుకే కప్పు పొడవునా ఒకే వరసలో లేచే ప్యానెళ్లు పెట్టడం నయం.

ఎంత బాగా కట్టినా మనిషి మరచిపోతాడన్న టెన్షన్ మిగిలే ఉంటుంది. లేపిన ప్యానెల్‌తో బండి తీస్తే పైన రాసిన లెక్కలేవీ కాపాడవు. దీనికి నాకు తెలిసిన నమ్మకమైన ఏర్పాటు ఒకటే. ప్యానెల్ లేపాలంటే ప్రయాణపు లాకుల పిన్నులు తీయక తప్పదు. వాటికి పొడవాటి ఎర్ర రిబ్బన్ కట్టి, తీసిన వెంటనే స్టీరింగ్‌కి తగిలించాలి. లాగి తీసుకెళ్లే క్యారవాన్ అయితే కారు స్టీరింగ్‌కి తగిలించాలి. ఆ పిన్నులు పెట్టే ఇంకో చోటు బండిలో ఎక్కడా ఉండకూడదు, డ్రాయర్లో అసలే కాదు.