పెనం మీద బియ్యప్పిండి

ఆగస్టులో హైదరాబాద్ ఆకాశం సంగతి తెలిసిందే, నెల రోజుల్లో ఒక్క చుక్క కనపడితే ఒట్టు. అందుకే చిలీలో కొండ మీదున్న ఒక టెలిస్కోప్‌ని ఆన్‌లైన్లో గంటసేపు అద్దెకు తీసుకున్నా. అక్కడ రాత్రి తొమ్మిదంటే మనకి మర్నాడు పొద్దున ఆరున్నర, అంటే హాయిగా పడుకుని లేచి, కాఫీ తాగుతూ నక్షత్రాలు పుట్టే చోటుని ఫొటో తీసుకోవచ్చన్నమాట. లగూన్ నెబ్యులా అనే వాయువు, ధూళి మేఘాన్ని ఎంచుకున్నా. ధనుస్సు రాశిలో ఉంటుంది, ఆ వేళకి చిలీలో దాదాపు నడినెత్తిన.

పేరు కొడితే టెలిస్కోప్ దానంతటదే తిరుగుతుంది. అంత తేలిగ్గా అయిపోతే ఇక మన గొప్పేముంది? ఆకాశంలో దాని చిరునామా అంకెలు నేనే కొట్టా: 18 గంటల 4 నిమిషాలు, 24 డిగ్రీల 23 నిమిషాలు. అక్కడి హైడ్రోజన్ వెదజల్లే ఎరుపుని, అదే 656 నానోమీటర్ల వెలుగుని, మాత్రమే లోపలికి రానిచ్చే ఫిల్టర్, ఐదేసి నిమిషాల ఫొటోలు పది. ఆ సెట్టింగ్స్ స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టా, ఊరుకోలేక.

మొదటి ఫొటో వచ్చింది. నల్లగా, మధ్యమధ్యలో తెల్ల చుక్కలు.

"పెనం మీద బియ్యప్పిండి చిందినట్టుందిరా," అంది అమ్మ.

"నాలుగు వేల కాంతి సంవత్సరాల పైనుంచి రావాలమ్మా, కాస్త ఓపిక పట్టు."

నిజానికి చీకటి ఊళ్లో మామూలు కంటికే మసగ్గా కనపడే నెబ్యులా అది, మొదటి ఫొటోలోనే తెలిసిపోవాలి. ఆ అనుమానం నాకు రావద్దూ! పదీ కలిపి, మధ్యాహ్నం దాకా కూర్చుని వెలుగు పెంచా, ఇంకా పెంచా, ఓ మూల బూడిదరంగు మరకేదో తేలితే దానికి ఎరుపు పూసి గ్రూపులో పెట్టా. నలభై దండాలు, పన్నెండు గులాబీలు.

సాయంత్రం ఇంజనీరింగ్ చదివే మేనల్లుడి ఫోన్. "మామయ్యా, స్క్రీన్‌షాట్ చూశా. 24 ముందు మైనస్ ఏది?"

ఖగోళ మధ్యరేఖకి, అంటే భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకి, దక్షిణాన ఉన్నవాటికి మైనస్ పెట్టాలి. నేను పెట్టలేదు. దాంతో అసలు చోటుకి దాదాపు 49 డిగ్రీలు ఉత్తరాన, హెర్క్యులిస్ మండలంలో ఖాళీ చోటుకి గురి కుదిరింది. అదీ చిలీకి కనపడే చోటే కాబట్టి టెలిస్కోప్ కిమ్మనలేదు.

"మరి ఆ ఎరుపు?"

"అది నువ్వు పూసిందే కదా మామయ్యా."

ఇంతలో బాబాయి మెసేజ్. ఆయనది ధనుస్సు రాశి. "మా రాశిలో ఇంత అందముందనుకోలేదురా, ప్రింట్ వేయించి దేవుడి గదిలో పెడతా, పెద్ద సైజులో పంపు."

పంపేశా.