పరిష్కారం రెడీ, సమస్య కావలెను

పర్యావరణ సమస్యలను గుర్తించి, వాటికి పరిష్కారంగా సైన్స్ ఫెయిర్ నమూనాలు తయారు చేసేలా పిల్లలకు శిక్షణ ఇవ్వాలని పైనుంచి సర్క్యులర్ వచ్చినప్పుడల్లా కొందరు గైడ్ టీచర్లు టెన్షన్ పడుతున్నారు. అనవసరం. కోచింగ్ విషయంలో మనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పోసిన వాళ్లం. ముందు ఆప్షన్లు చూసి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ ప్రశ్న దగ్గరికి రావడం మన పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య. చెరువులకూ గాలికీ ఆ పద్ధతే పనికొస్తుంది.

పైగా పరిష్కారాలు ఆల్రెడీ బడికి చేరాయి. 2016లో నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ మొదలైంది. దాని కింద, పిల్లలు సొంతంగా పరికరాలు తయారుచేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ మంజూరైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. త్రీడీ ప్రింటర్, సెన్సర్లనూ మోటార్లనూ నడిపే ఆర్డువినో అనే చిన్న సర్క్యూట్ బోర్డులు, సెన్సర్లు, మోటార్లు అన్నీ వచ్చాయి. సమస్యలను మాత్రం ఎవరూ సప్లై చేయలేదు. వాటిని లోకల్‌గా సమకూర్చుకోవాలి. అసలు ఇబ్బంది ఇక్కడే.

కిట్‌లో అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉంది. అది శబ్ద తరంగాన్ని వదిలి, ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. పక్కనే, చెప్పినంత మేరకే తిరిగి ఆగే చిన్న సర్వో మోటార్ ఉంది. ఈ రెండింటినీ కలిపితే, చెయ్యి చాపగానే మూత తెరుచుకునే చెత్త డబ్బా అవుతుంది. దీన్నిబట్టి శాస్త్రీయంగా తేలేదేమిటంటే, తెలుగు నేల ఎదుర్కొంటున్న ప్రధాన పర్యావరణ సమస్య చెత్త డబ్బా మూతను చేత్తో ఎత్తాల్సి రావడం. ఏ జిల్లా సైన్స్ ఫెయిర్‌కైనా వెళ్లి చూడండి, ఈ విషయంలో రెండో అభిప్రాయం కనిపించదు.

ఈలోపు కొన్ని నగరాల్లో బిన్ ఫ్రీ అని చెప్పి వీధుల్లోని డబ్బాలనే తీసేశారనుకోండి. దాంతో మన నమూనా విలువ తగ్గదు. మూత మన దగ్గర సిద్ధంగా ఉంది, డబ్బా పెట్టినప్పుడు బిగిస్తాం. డబ్బాలోని చెత్త తర్వాత ఎక్కడికి పోతుందని అడిగే తుంటరి పిల్లలు ప్రతి క్లాసులో ఒకరిద్దరుంటారు. హైదరాబాద్‌లో అయితే జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పోతుంది. అక్కడి పాత చెత్తగుట్టకు మూత కూడా వేశారు. కాకపోతే అది చెయ్యి చాపితే తెరుచుకునే రకం కాదు. కింది నుంచి ఊరే నల్లనీళ్లు ఏ బోరులోకి దిగుతున్నాయో చెప్పే సెన్సర్ మన కిట్‌లో లేదు కాబట్టి, అది సిలబస్‌లో లేని సమస్య.

ఇక శిక్షణలో అతి సున్నితమైన ఘట్టం, సమస్యను నిర్వచించడం. చెరువు పక్కన ఒక ప్రైవేటు స్కూలుందనుకుందాం. (అనుకోవడమెందుకు, మీకు తెలిసిన స్కూలునే పెట్టుకోండి.) ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి కాలువ వెంబడి పైకి నడిచి, చూసి వచ్చి, కాగితం మీద ఇలా రాసింది: ‘మా స్కూలు బాత్రూముల పైపు, పక్క అపార్ట్‌మెంట్ల డ్రైనేజీ నేరుగా చెరువులోకి వెళ్తున్నాయి.’

అనుభవం లేని టీచరైతే శభాష్ అని పాడుచేస్తాడు. మంచి గైడ్ తొందరపడడు. ‘బాగుందమ్మా, కానీ కొంచెం పెద్దగా ఆలోచించు’ అంటాడు. రెండో డ్రాఫ్టులో ‘మురుగునీరు చెరువులో కలుస్తోంది’ అని వచ్చింది. వాక్యంలోంచి స్కూలు వెళ్లిపోయింది, అపార్ట్‌మెంట్లూ వెళ్లిపోయాయి. మురుగు తనంతట తాను బయల్దేరి వచ్చి కలుస్తోంది. మూడో డ్రాఫ్టు: ‘చెరువులు కాలుష్యానికి గురవుతున్నాయి.’ ఇప్పుడు ఏ చెరువో కూడా తెలియదు కాబట్టి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) ఎక్కడిదాకా, స్కూలు కొత్త బ్లాకు ఎక్కడిదాకా అనే అనారోగ్యకరమైన ప్రశ్నలు రావు. నాలుగోది ఫైనల్: ‘చెరువుల పరిరక్షణపై ప్రజల్లో అవగాహన లోపించింది.’ ఇప్పుడు తప్పు ప్రజలది. కరస్పాండెంట్ గారు ప్రజల్లోకి రారు కదా. పరిష్కారం వెంటనే దొరికింది: మొబైల్ యాప్.

కాలువ వెంబడి పైకి నడిచే అలవాటును మాత్రం మొగ్గలోనే తుంచాలి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసినప్పుడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన మునిగిన బజార్ల దగ్గర ఆగకుండా పైకి వెళ్లి, పరీవాహక ప్రాంతంలో రెండు వందలకు పైగా చెరువులు తెగాయని లెక్క తీశారు. ఆ నిర్వచనం ఫలితంగా ప్రభుత్వానికి ఎంత ఖర్చయిందో చూడండి: 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు. అదే ‘వరదలపై ప్రజల్లో అవగాహన లోపం’ అని రాసి ఉంటే నాలుగు బోర్డులతో పోయేది.

నమూనాల సంగతికి వద్దాం. కొందరు పాతకాలపు మేష్టార్లు ఇప్పటికీ తాగునీటిలోంచి ఫ్లోరైడ్ తీసేసే నల్లగొండ టెక్నిక్‌ను ఉదాహరణగా చెబుతుంటారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలకూ పళ్లకూ వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో తొలిసారి నమోదు చేసింది 1937లో, నెల్లూరు జిల్లాలో. నల్లగొండ పల్లెల్లో వంగిన నడుములూ గారపట్టిన పళ్లూ ఎలా ఉండేవో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో ఎన్నో రెట్లు ఉండేది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970ల్లో కనిపెట్టిన ఉపాయం ఇదీ: నీళ్లలో సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వేసి, కలిపి, తేరనిచ్చి, పైనీళ్లు వంచుకోవాలి. ఒక బకెట్టు, దానికి అడుగుకు కాస్త పైన ఒక కుళాయి. అంతే!

ఈ ఎగ్జిబిట్‌తో ఇవాళ మండల స్థాయి కూడా దాటలేం. లైటు వెలగదు, బజర్ మోగదు. ‘ఫోన్‌కి అలర్ట్ వస్తుందా? ఇందులో ఏఐ ఎక్కడుంది?’ అని జ్యూరీ అడిగితే, పటిక చూపించాలా? పైగా దాన్ని వాడిచూసిన వాళ్లు ఇబ్బందులు కూడా బయటపెట్టారు. కూలికి పోయే ఇంట్లో రోజూ నీళ్లను బట్టి పటిక మోతాదు కొలవడం ఎవరి వల్లవుతుంది, అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పోయాలి, నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతే ఎలా అని. ఇలాంటివి తెలియాలంటే నమూనాను ఒకరింట్లో నెలల తరబడి వదిలేయాలి. మనకు మధ్యాహ్నం మూడింటికి బహుమతి ప్రదానం ఉంది.

తయారీకి డబ్బు గురించి దిగులొద్దు. బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుకు ఎంపికైతే పిల్లల ఖాతాలోనే 10,000 రూపాయలు పడతాయి. ఇంజనీరింగ్ ప్రాజెక్టులకు అమీర్‌పేట ఉన్నట్టే వీటికీ షాపులు పుట్టుకొస్తాయి. రిపోర్టు బైండింగ్‌తో సహా ఇస్తే, పిల్లలకు చదువుకోవడానికి టైమ్ మిగులుతుంది.

ప్రదర్శన రోజు చూసుకోవాల్సింది అలంకరణ ఒక్కటే. 2022 జూలై 1 నుంచి నిషేధించిన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ జాబితాలో అలంకరణకు వాడే థర్మాకోల్ ఉంది, 100 మైక్రాన్ల లోపు మందం ఉన్న పీవీసీ బ్యానర్లు ఉన్నాయి. మరి థర్మాకోల్ లేకుండా కొండ ఎలా చేస్తారు, ఫ్లెక్సీ లేకుండా ముఖ్య అతిథి ఎలా వస్తారు? ఆ నిషేధం లోకానికి సంబంధించింది, సైన్స్ ఫెయిర్‌కు కాదు. ‘ప్లాస్టిక్ వద్దు’ ఎగ్జిబిట్ ముందు ఆగినప్పుడు అతిథి చేతికి చిన్న వాటర్ బాటిల్ అందించండి. ఫొటోలో మాత్రం పడనివ్వకండి.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఏమైందంటారా? యాప్ చేయనంది. మొదటి డ్రాఫ్టునే చార్టు మీద రాసుకుని టేబుల్ ముందు నిలబడింది. నమూనా ఏదమ్మా అని జ్యూరీ అడిగితే, ‘స్కూలు వెనక్కి రండి సార్, పైపు చూపిస్తాను. దాన్ని మురుగు లైనులో కలిపితే చాలు’ అంది. నమూనా టేబుల్ మీద పట్టాలన్న నిబంధన ప్రకారం ఎంట్రీని తిరస్కరించారు. ప్రతిభను వృథా చేయకూడదని ఈ ఏడాది ఆమెను వక్తృత్వ పోటీకి మార్చారు. అంశం ‘మన చెరువు – మన బాధ్యత’. స్క్రిప్టు సార్ రాసిస్తారు.