చెయ్యి పెద్దదైతే పిస్టలు కూడా పెద్దదే కావాలా?

భీమవరం, అమలాపురం వైపు గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: "జాన తొమ్మిది అంగుళాలు దాటినవాడు చిన్న గన్ను కొంటే డబ్బు దండగ. పెద్ద చేతికి పెద్ద బోరే సరి, ఫార్టీఫైవ్ గానీ, కనీసం నైన్ ఎమ్ఎమ్ గానీ తీసుకోవాలి. రివాల్వరు పెద్ద చేతికి నప్పదు. గ్రిప్ సన్నగా ఉంటే సైకిల్ ట్యూబు చుట్టుకోండి. పెద్ద చేతికి కిక్ తెలీదు. ఎలాంటిదైనా ప్రాక్టీసు చేస్తే సెట్ అయిపోతుంది." లైసెన్సులున్న చెరువుల ఆసాములు దీన్ని ఒకరికొకరు పంపుకుంటుంటే పోనీలే అనుకున్నాను. ఎయిర్ పిస్టల్ నేర్చుకునే కుర్రాళ్ళు కూడా "అంకుల్, నా చెయ్యి పెద్దది కాబట్టి ఎల్ సైజు గ్రిప్పే కదా" అని మొదలుపెట్టేసరికి ఇక రాయక తప్పలేదు. ఒక్కో మాటా తీసుకుందాం. అన్నిటికీ సమానంగా టైం ఇవ్వను, కొన్నిటికి అంత సీను లేదు.

ముందు బోరు సంగతి, అంటే గొట్టం కంత ఎంత పెద్దదన్నది. ఆ వాయిస్ మెసేజ్ పెట్టినాయన ఎవరో గానీ, అమెరికా వాళ్ళ వీడియో చూసి తెలుగులో చెప్పినట్టున్నాడు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 రూల్స్ ప్రకారం సర్వీసు నైన్ ఎమ్ఎమ్, పాయింట్ 45 తూటాలు పేల్చే పిస్టళ్ళు ప్రొహిబిటెడ్ బోరు. కలెక్టరు గారి సంతకంతో వచ్చే మామూలు లైసెన్సు మీద అవి రావు. బయటి దేశం నుంచి తెప్పించుకుందామన్నా, 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారులకి ఆ దారి మూసేశారు, పేరున్న షూటర్లకి మాత్రమే ఆ సదుపాయం ఉంది. కాబట్టి మన కాలవ గట్ల మీద కనబడేది ఎక్కువగా పాయింట్ 32 లే. కాన్పూరు రివాల్వరు, 2014లో వచ్చిన నిర్భీక్, 2023లో వచ్చిన ప్రబల్ రివాల్వర్లు, అశని పిస్టలు, లేదా ఎప్పుడో దేశంలోకి వచ్చి చేతులు మారుతున్న పాత వాల్తర్లు, వెబ్లీలు. వీటిల్లో మన చేతికి ఏది కుదురుతుందన్నదే మనకి అసలు ప్రశ్న. అమ్మకానికే లేని బోరు గురించి సలహా ఎందుకో నాకు అర్థం కాలేదు.

సరే, చట్టం పక్కన పెట్టి చూసినా ఆ మాట తప్పే. తూటా పెద్దదైతే గ్రిప్ లావుగా ఉంటుందనే రూలు ఎక్కడా లేదు. 1911 మోడల్ పిస్టలు పాయింట్ 45. మ్యాగజైన్‌లో (పిడిలో దూర్చే తూటాల పెట్టెలో) తూటాలు ఒకే వరసలో ఉంటాయి కాబట్టి గ్రిప్ పల్చగా ఉంటుంది. బెరెట్టా 92 నైన్ ఎమ్ఎమ్, దాని తూటా చిన్నది, కానీ రెండు వరసలు కాబట్టి గ్రిప్ లావు. ఇంకో సంగతి కూడా ఉంది. 1920లలో అమెరికా సైన్యం ఆ 1911ని సవరించి 1911ఏ1 చేసినప్పుడు ట్రిగ్గర్‌ని పొట్టి చేశారు, ట్రిగ్గర్ వెనక ఫ్రేముని రెండు పక్కలా కొంచెం చెక్కేశారు, వేలు అందక ఇబ్బంది పడేవాళ్ళ కోసం. అదే సవరణలో గ్రిప్ పైన వెనక్కి ఉండే తోకని పొడిగించారు, హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) వెనక్కి వచ్చినప్పుడు చేతి కండని కొరుకుతోందని. తూటా మారలేదు, మారినవన్నీ చెయ్యి తగిలే చోట్లే. కొబ్బరి దింపు తీసే మనిషి చెయ్యి పెద్దదైతే కత్తికి పిడి మార్పించుకుంటాడు గానీ, కత్తి బరువు పెంచమని కమ్మరిని అడగడు కదా.

ఇక జాన. నాకు బాగా చిరాకు తెప్పించింది ఈ మాటే, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

జాన అంటే చెయ్యి పూర్తిగా చాపి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా కొలిచేది. పిస్టలు పట్టుకున్నప్పుడు చేతిని అలా ఎవరు చాపుతారండీ? అక్కడ లెక్కకొచ్చేవి వేరే. మొదటిది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందు నుంచి చూపుడువేలి కొస కణుపు మెత్త దాకా ఉన్న దూరం. పిస్టలు వైపు దీనికి జోడీ, గ్రిప్ వెనక భాగం నుంచి ట్రిగ్గర్ ముఖం దాకా ఉన్న దూరం. ఈ రెండూ కలిస్తే సగం పని అయినట్టే. రెండోది, అరచెయ్యి మందం. మూడోది, అరచెయ్యి వెడల్పు, అంటే కింది మూడు వేళ్ళకీ గ్రిప్ మీద చోటుందా లేదా అన్నది. రోజూ తెడ్డు వేసే మనిషికి అరచెయ్యి మందంగా ఉండి వేళ్ళు పొట్టిగా ఉండొచ్చు. ఆరడుగుల ఇంజినీరింగ్ కుర్రాడికి వేళ్ళు పొడుగ్గా ఉండి అరచెయ్యి పల్చగా ఉండొచ్చు. ఇద్దరి జానా ఒకటే రావచ్చు, ఒకరికి కుదిరిన పిస్టలు రెండో వాళ్ళకి కుదరదు. "పెద్ద చెయ్యి" అనే ఒక్క మాటలో ఇద్దర్నీ కట్టేసి ఒకే గన్ను చెప్పేస్తే ఎలా?

వేలు పొడుగైన మనిషి చిన్న గ్రిప్ పట్టుకుంటే ఏమవుతుందో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ మెసేజ్‌లో "డబ్బు దండగ" అన్నారే గానీ ఎందుకు కుదరదో ఒక్క ముక్క లేదు. చూపుడువేలు ట్రిగ్గర్ దాటి లోపలికి పోతుంది, మెత్తతో నొక్కాల్సింది కణుపు మడతతోనో, అంతకంటే లోపలి భాగంతోనో లాగుతాడు. అప్పుడు నొక్కుడు తిన్నగా వెనక్కి రాదు, పక్కకి లాగుతుంది. కుడిచేతి వాటం వాళ్ళకి గుండు సాధారణంగా కుడి పక్కకి పోవడం అందుకే. వేలి పక్క భాగం ఫ్రేముకి రాసుకుంటూ ఉంటే అదొక తోపుడు. చిటికెనవేలికి చోటు లేక గ్రిప్ కింద గాల్లో ఉంటుంది. బొటనవేలు పొడుగైతే స్లైడ్‌స్టాప్ మీద, అంటే తూటాలు అయిపోయాక పిస్టలు పైభాగాన్ని (స్లైడ్‌ని) వెనక ఆపే మీట మీద కూర్చుంటుంది, ఆఖరి తూటా అయిపోయినా స్లైడ్ వెనక ఆగదు, గన్ను పాడైపోయిందని రిపేరుకి పట్టుకెళ్తారు. చేతి కండ మందంగా ఉంటే తోక పొట్టిగా ఉన్న పాత పిస్టళ్ళలో, ముఖ్యంగా పీపీకే లాంటి బుల్లి వాల్తర్లలో, వెనక్కొచ్చే స్లైడ్ ఆ సందు దగ్గర చర్మాన్ని గీసేస్తుంది. ఇన్ని రకాల ఇబ్బందుల్లో జానతో తేలేది ఒక్కటీ లేదు.

దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది కూడా ఉంది, దాని ఊసే ఎత్తలేదు. అరచెయ్యి మందం, వేళ్ళు పొట్టి అయిన మనిషి "నా చెయ్యి పెద్దది" అనుకుని లావు గ్రిప్ తీసుకుంటే వేలు ట్రిగ్గర్‌కి అందదు. అందించుకోవడానికి చేతిని పక్కకి తిప్పేస్తాడు, బ్యారెల్ ముంజేతితో ఒకే గీతలో ఉండకుండా వంకరపోతుంది, దెబ్బంతా బొటనవేలి మొదట్లో తగులుతుంది.

రివాల్వరు పెద్ద చేతికి నప్పదన్నది నా దృష్టిలో పూర్తిగా తలకిందుల మాట. పిస్టలు గ్రిప్ లోపల మ్యాగజైన్ ఉంటుంది కాబట్టి దాని ఆకారం మార్చడానికి హద్దుంది. రివాల్వరు పిడిలో ఉండేది ఫ్రేము, స్ప్రింగు మాత్రమే, వాటి చుట్టూ చెక్కతోనో రబ్బరుతోనో కావలసినంత పెంచుకోవచ్చు. వెనక భాగాన్ని కూడా కప్పేసే గ్రిప్ వేస్తే ట్రిగ్గర్ దూరం పెరుగుతుంది, పొడుగు వేళ్ళకి కావలసింది అదే. ట్రిగ్గర్ గార్డు వెనక ఖాళీ నింపితే మధ్యవేలి కణుపుకి గార్డు తగిలే బాధ కూడా పోతుంది. చేతిని కొరకడానికి స్లైడే లేదు. పైగా డబుల్ యాక్షన్‌లో (ట్రిగ్గర్ నొక్కుడుతోనే హ్యామర్ లేచి పడే పద్ధతిలో) ట్రిగ్గర్ ముందుకి ఉంటుంది, బరువుగా ఉంటుంది, అక్కడ పొడుగు వేలు ఉన్నవాడికే సుఖం. అదే రివాల్వర్ని హ్యామర్ ఎత్తి సింగిల్ యాక్షన్‌లో పేలిస్తే ట్రిగ్గర్ వెనక్కి జరిగిపోతుంది, అదే వేలు ఎక్కువైపోతుంది. అందుకని రెండు రకాలుగానూ పట్టి చూడాలి. పెద్ద చేతివాళ్ళు జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. పొట్టి రివాల్వర్ని రెండు చేతులతో పట్టుకున్నప్పుడు రెండో చేతి వేళ్ళు ముందుకి జారి సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు పక్కకి రాకూడదు, కాల్చినప్పుడు అక్కణ్ణించి వేడి గ్యాసు చిమ్ముతుంది, చర్మం కాలుతుంది, తెగుతుంది కూడా. ఆ మెసేజ్‌లో చెప్పాల్సిన హెచ్చరిక ఏదైనా ఉంటే అది ఇదే, అదే లేదు.

సైకిల్ ట్యూబు. ఆయ్, ఇది విని నవ్వొచ్చింది గానీ నిజంగానే చుట్టేవాళ్ళున్నారు. ట్యూబు చుట్టూ ఒకే మందం పెంచుతుంది, చాలామంది పెద్ద చేతులకి కావలసింది వెనక వైపు మాత్రమే పెరగడం. కొన్ని పిస్టళ్ళకి గ్రిప్ వెనక సేఫ్టీ ఉంటుంది, అరచేత్తో నొక్కి పట్టుకుంటేనే గన్ను పేలేలా, దాని మీద రబ్బరు బిగిస్తే అది పూర్తిగా నొక్కుకోదు, లేదా ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది, రెండోది మరీ ప్రమాదం. ఇక మన దగ్గర గాలిలో తేమ సంగతి కొత్తగా చెప్పాలా? అంతర్వేది నుంచి కాకినాడ దాకా ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవడం లేదు. ట్యూబు కింద చెమట చేరి అక్కడే ఉండిపోతుంది, విప్పి చూసేసరికి ఫ్రేము తుప్పు పట్టి ఉంటుంది. తోలు కవరులో పెట్టి బీరువాలో దాచేవాళ్ళకీ ఇదే మాట, తోలు తేమని పట్టి ఉంచుతుంది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేసేముందు కూడా కవరు తీసి, పల్చగా నూనె రాసి ఇవ్వండి, తిరిగి ఎప్పుడిస్తారో మన చేతుల్లో ఉండదు.

పెద్ద చేతికి కిక్ తెలీదట. కిక్, అంటే పేల్చినప్పుడు గన్ను వెనక్కి తన్నే దెబ్బ, తూటాని బట్టి, గన్ను బరువుని బట్టి ఉంటుంది. అదే పాయింట్ 32 తూటా సుమారు 500 గ్రాముల నిర్భీక్‌లో ఎక్కువ తంతుంది, దానికంటే బరువైన ప్రబల్‌లో తక్కువ తంతుంది, పేల్చేది ఎవరైనా సరే. చెయ్యి చేసేదల్లా గన్ను తన లోపల తిరగకుండా పట్టి ఉంచడమే, అది కూడా గ్రిప్ చేతిని నింపితేనే.

ఎయిర్ పిస్టల్ కుర్రాళ్ళ కోసం విడిగా రెండు మాటలు. పాయింట్ 177 బోరు, 20 జూళ్ళ లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి మన పిల్లలు మొదలుపెట్టేది దీంతోనే, ఇక్కడ మాత్రం చేతికి తగ్గట్టు చేసుకునే వీలు బోలెడుంది. వాల్‌నట్ గ్రిప్పులు ఎస్, ఎమ్, ఎల్ సైజుల్లో వస్తాయి, అరచెయ్యి కింద పలక పైకీ కిందకీ జరుగుతుంది, ట్రిగ్గర్ కూడా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. పొడుగు వేళ్ళున్న కుర్రాడికి ఒక్కోసారి ఎమ్ గ్రిప్ వేసి ట్రిగ్గర్ ముందుకి జరిపితే సరిపోతుంది, ఎల్ వేస్తే అరచేతిలో ఖాళీ మిగిలిపోతుంది. తగలని చోట చెక్క పుట్టీ, ఎక్కువైన చోట ఆకురాయి, అంతే పని. కాకపోతే పుట్టీ పెట్టుకుంటూ పోకండి. అంతర్జాతీయ రూల్స్ ప్రకారం 10 మీటర్ల పిస్టలు 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, గ్రిప్ మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదు, మొత్తం బరువు 1500 గ్రాములు దాటకూడదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 10 మీటర్ల పిస్టల్లో పతకాలు తెచ్చింది ఈ కొలతలకి లోబడే. చెయ్యి ఎంతదైనా పెట్టె అదే.

ప్రాక్టీసుతో అన్నీ సెట్ అవుతాయన్న మాటలో కొంచెం నిజం ఉంది, కాదనను. తేడా కొద్దిగా ఉంటే చెయ్యి అలవాటు పడుతుంది. తేడా ఎక్కువైతే అలవాటయ్యేది తప్పుడు పట్టే, తర్వాత సరైన గ్రిప్ ఇచ్చినా వేలు పాత దారినే పోతుంది, దాన్ని మాన్పించడం కోచ్‌లకి పెద్ద తలనొప్పి.

మరి కొనేముందు ఏం చెయ్యాలంటే, ఫోటో చూసి అడ్వాన్స్ ఇవ్వకండి, డీలరు దగ్గరికి వెళ్ళండి. మ్యాగజైన్ తీయించి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని మీ కళ్ళతో చూసి, వేలితో కూడా తడిమి చూసుకుని, మనుషులు లేని వైపు పెట్టి పట్టుకోండి. బ్యారెల్ ముంజేతితో ఒకే గీతలో ఉండాలి, చేతి సందు తోక కిందకి బాగా ఎక్కాలి. ఆ పట్టు చెదరకుండా వేలు ట్రిగ్గర్ మీద పెడితే మెత్త పడుతోందా, వేలికీ ఫ్రేముకీ మధ్య కాస్త సందు కనబడుతోందా చూడండి. కళ్ళు మూసుకుని ఎత్తి, తెరవండి, ముందు సైటు వెనక సైటు గాడిలో దాదాపు మధ్యలో ఉండాలి, ప్రతిసారీ ఒక పక్కకే పోతుంటే ఆ గ్రిప్ మీది కాదు. ట్రిగ్గర్ ఖాళీగా నొక్కి చూస్తానని ముందే అడగండి, పాయింట్ 22 అయితే డమ్మీ తూటా లేకుండా నొక్కకండి, పిన్ను చాంబర్ అంచుని కొట్టి పాడుచేస్తుంది. లైసెన్సు మీద ఒకసారి ఎక్కాక మార్చుకోవాలంటే మళ్ళీ ఆఫీసు చుట్టూ కాగితాలు పట్టుకు తిరగాలి. అందుకే ఈ పదినిమిషాలూ పట్టి చూడనివ్వని డీలరు దగ్గర అసలు కొనకండి.