కానుకకి కొనే పుస్తకమైనా కొట్లో కొందాం

తెలుగు పుస్తకం ఏది తెరిచినా మొదటి పేజీల్లో 'ప్రతులకు' అని ఉంటుంది. దాని కింద కాచిగూడ నవోదయ, విశాలాంధ్ర, ప్రజాశక్తి లాంటి పేర్లు, చివర్లో రచయిత ఫోన్ నంబరు. ఇప్పుడు అమెజాన్ కూడా చేరింది. ఊళ్లో పుస్తకాల కొట్టే లేనివాళ్లకి అదే దిక్కు కాబట్టి దాన్ని తప్పుపట్టను. కానీ ఆ జాబితాలో కొట్ల పేర్లు ఒక్కొక్కటే రాలిపోతే తెలుగు పుస్తకం బతకడం చాలా కష్టం.

లెక్క చూడండి. చాలామంది రచయితలు సొంత డబ్బుతో ఐదొందలో వెయ్యో కాపీలు వేయించుకుంటారు. కొట్టువాళ్లకి మామూలుగా 30 నుంచి 40 శాతం కమీషన్. అంటే రూ.200 పుస్తకం అమ్మితే మిగిలేది అరవయ్యో ఎనభయ్యో, అద్దె, కరెంటు, జీతాలు అన్నీ అందులోంచే, పైగా మనం వెళ్లి "డిస్కౌంట్ ఎంత?" అంటాం. పది శాతం తగ్గుతుందని డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ కోసమో, జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం కోసమో ఏడాదంతా ఆగేవాళ్లు ఎంతోమంది. ఆ సందడి కావాల్సిందే, కానీ మిగతా పదకొండు నెలల అద్దె ఎక్కణ్నుంచి వస్తుంది?

ఫ్రాన్స్‌లో దీన్ని చట్టంతోనే తేల్చారు. కొత్త పుస్తకం మీద 5 శాతానికి మించి తగ్గించకూడదని 1981లోనే నియమం పెట్టారు, ఆన్‌లైన్ కంపెనీలు దాదాపు ఉచితంగా డెలివరీ చేస్తూ దాన్ని దాటేస్తుంటే 2023 అక్టోబరు నుంచి 35 యూరోల లోపు ఆర్డరుకి కనీసం 3 యూరోలు డెలివరీ చార్జీ వసూలు చేయాల్సిందే అన్నారు. మన దగ్గర 2024 డిసెంబరులో తపాలా శాఖ, తక్కువ చార్జీతో పుస్తకాలు పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్టునే ఎత్తేసింది. చిన్న ప్రచురణకర్తలు గోల పెట్టాక 2025 మే 1 నుంచి దాని బదులు జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, చార్జీ బరువుని బట్టి, గరిష్ఠంగా 5 కిలోలకి పన్నులు కాక రూ.100. కొంత ఊరటే. అయినా పుస్తకాల ధరల మీద అలాంటి చట్టం ఇక్కడ ఇప్పట్లో వస్తుందని నాకు నమ్మకం లేదు.

అందుకే కానుకల సంగతి ఎత్తుతున్నాను. సన్మానానికి శాలువా, బొకే కొనేటప్పుడు పది శాతం కోసం ఎవరూ వెతకరు. గృహప్రవేశాల్లో, పుట్టినరోజుల్లో పంచే ప్లాస్టిక్ డబ్బాలూ అంతే. ఆ ఖర్చులో కొంత పుస్తకాల వైపు మళ్లితే కొట్టుకి పూర్తి ధర దక్కుతుంది. పైగా కానుక ఎంచడంలోనే కొట్టు విలువ తెలుస్తుంది. ఎనిమిదేళ్ల పాపకి అనగానే అనుభవం ఉన్న మనిషి "తెలుగు చదవడం వచ్చా, ఇంకా కూడబలుక్కుంటోందా?" అని అడుగుతాడు. పిల్లల పుస్తకాలు వేసే 'మంచి పుస్తకం' సంస్థ ప్రచురణల్లోంచి రెండు మూడు తీసి, పేజీ తెరిచి, అక్షరం ఎంత పెద్దదో, ఒక్కో బొమ్మ కింద ఎన్ని వాక్యాలున్నాయో చూపిస్తాడు. ఆన్‌లైన్‌లో ఆ ప్రశ్న అడిగే మనిషి ఉండడు.

ఇచ్చేటప్పుడు మాత్రం అవతలివాళ్లని బాగుచేద్దామని వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ఇవ్వొద్దు, చాలావరకు అవి అట్ట కూడా తెరుచుకోవు. రిటైరైన మాస్టారికి ఆయన సొంత జిల్లా యాసలో రాసిన కథలివ్వండి, చూపు తగ్గిన అమ్మమ్మకి పెద్దక్షరాలున్నది చూసి కొనండి, అమెరికాలో పెరుగుతున్న మేనల్లుడికి రెండు భాషల బొమ్మల పుస్తకం పంపండి. ఇంకో మాట, స్నేహితుడి పుస్తకావిష్కరణకి వెళ్తే ఫ్రీ కాపీ కోసం చెయ్యి చాపకుండా రెండు కొని, ఒకటి ఎవరికైనా ఇవ్వండి.

ఫంక్షన్‌కి ముప్పై నలభై కాపీలు కావాలంటే కొట్టువాళ్లకి రెండు వారాల ముందే చెప్పండి. అన్ని కాపీలు అక్కడ ఉండవు, ప్రచురణకర్తల దగ్గర్నుంచి తెప్పించాలి.